మూడు చుక్కలు

ఇంటర్వ్యూ గదిలో బల్లకు ఇటువైపు ఆమె ఒక్కతే కూర్చుంది. అటువైపు, పాత సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆమె చేతికింద పనిచేసినవాడు. నాలుగేళ్ళ తరువాత ఇద్దరూ ఎదురుపడడం ఇదే మొదలు.

"...అయ్యో, మీరే అడుగుతారని తెలిస్తే అక్కా..."

"వచ్చేవాడివి కాదు. కూర్చో తొందరయ్యా. ఇంకా ఆ పేరుతోనే పిలుస్తున్నారా?"

"అది ఆ ఆఫీసుతోనే పోయింది. ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం అక్కా. ఏడు నెలలుగా ఖాళీ."

"నేను పద్నాలుగు నెలలు ఖాళీగా ఉన్నాను. సరే, మొదటి ప్రశ్న. టపుల్‌కి టైప్ హింట్ ఎందుకు రాస్తాం?"

"ఇంత చిన్న ప్రశ్నా?"

"చిన్నదే. చెప్పు."

"టపుల్ అంటే ఒక కట్టగా పంపే విలువలు. ఏ స్థానంలో ఏ రకం విలువ ఉండాలో హింట్‌లో ముందే రాస్తాం. తేడా వస్తే, ప్రోగ్రాం నడవకముందే తప్పులు వెతికే చెకర్ పట్టుకుంటుంది."

"రాయకపోతే?"

"ప్రోగ్రాం నడుస్తుంది. నడిచేటప్పుడు అది హింట్ మొహం కూడా చూడదు."

"అబ్బో, గడగడా అప్పజెప్పావే! లే, బోర్డు మీద రాయి. రోగి బరువు, వయసు. రెండూ అంకెలే. తారుమారు కాకుండా ఎలా?"

"రెండూ అంకెలని రాస్తే చాలదు. కిలోలకి ఒక రకం, ఏళ్ళకి ఒక రకం పెట్టుకోవాలి. టపుల్‌లో మొదట కిలోలు, తర్వాత ఏళ్ళు."

"ఎవరు నేర్పారు?"

"...మీరే."

"ఇప్పుడది చెరిపెయ్యి. 'అంకె' అని రాసి, పక్కన మూడు చుక్కలు పెట్టు."

"ఎందుకక్కా?"

"పెట్టు. ఏమవుతుంది?"

"ఎన్ని అంకెలైనా రావచ్చు. ఏ వరసలో వచ్చినా చెకర్ నోరెత్తదు."

"ఆ ఆస్పత్రికి చేసిన ప్రోగ్రాంలో, నా ఫైల్లో ఆ చుక్కలు ఎవరు పెట్టారు?"

"పాత సంగతులు ఇప్పుడెందుకు..."

"నాకింకా పాతబడలేదు. ఎవరు?"

"ఆ రోజే రిలీజ్ అక్కా. నా స్క్రీన్లో వయసు ముందు, బరువు తర్వాత రాసేశాను. చెకర్ పెడితే అన్నీ ఎర్ర గీతలు. అన్నిచోట్లా దిద్దే టైము లేదు..."

"అందుకని?"

"మీరు అన్నానికి వెళ్ళారు. మీ కంప్యూటర్ తెరిచే ఉంది."

"నా లాగిన్‌తో."

"తర్వాత సరిచేద్దామనుకున్నాను. ఒట్టు!"

"డెబ్బై ఎనిమిదేళ్ళ పెద్దావిడ. బరువు నలభై కిలోలు. డెబ్బై ఎనిమిది కిలోల మనిషనుకుని ఇంజెక్షన్ మోతాదు చూపించింది మన ప్రోగ్రాం. మోతాదు ఎక్కువై రెండు చెవులూ పోయాయి ఆవిడకి. విచారణలో నువ్వేమన్నావు?"

"అక్కా..."

"ఏమన్నావు?"

"ఫైలు అక్కది, నాకేం తెలీదు అన్నాను."

"నా మొహం చూసే అన్నావా?"

"నేల చూసి అన్నాను. భయమేసింది."

"నన్ను తీసేసిన రోజు గేటు దాకా నా అట్టపెట్టె మోసుకొచ్చావు. 'జాగ్రత్త అక్కా' అన్నావు. ఆ మాట, ఆ గేటు, ఇప్పటికీ నిద్రలో కూడా వదలవు నన్ను."

"తిట్టండి, పడతాను. ఉద్యోగం రాదని తెలుసు. వెళ్తాను."

"కూర్చో. ఇవాళ కూడా అబద్ధం ఆడి ఉంటే పంపేసేదాన్ని. ఉద్యోగం నీదే."

"అక్కా! నిజంగానా?"

"సోమవారం చేరు."

"మీ మేలు చచ్చినా మరిచిపోను!"

"ఆగు, ఎక్కడ కూర్చోవాలో అడగవేం?"

"ఎక్కడైనా సరే అక్కా. మెట్ల కింద కూర్చోమన్నా కూర్చుంటాను."

"అదే ఆస్పత్రి. వాళ్ళ కొత్త ప్రోగ్రాం మాకిచ్చారు. వార్డులోనే కూర్చుని, నర్సుల్ని అడిగి అడిగి రాయాలి. ఆ పెద్దావిడ కూతురు అక్కడ హెడ్ నర్సు. నీ అప్లికేషన్ చూసిన రోజే ఆ కూతురి పక్కన నీకో కుర్చీ వేయించాను. నువ్వెవరో మాత్రం ఆమెకి నేను చెప్పలేదు తమ్ముడూ. సోమవారం పొద్దున నువ్వే చెప్పాలి."