సత్రంలో మిగిలిన గయ్యాళి

పదకొండేళ్ళండీ! పదకొండేళ్ళు నన్ను ఆ సత్రంలో కూర్చోబెట్టి మీరు మాత్రం లోకమంతా తిరిగొచ్చారా? పైగా పేరేమిటి, గయ్యాళి! పేరుకి ఎనిమిది అక్షరాలే పడతాయని అమ్మాయి చెప్పిందిలెండి. ఆ ఎనిమిదిలో ఇంకో మాటే దొరకలేదా మీకు?

నవ్వకండి. ఫొటోలోకి వెళ్ళినా ఆ నవ్వు మాత్రం మానలేదు మీరు.

మీరు పోయి ఏడాది దాటింది కదా, ఆ పాత కంప్యూటర్‌ని ఎవరికైనా ఇచ్చేద్దామనుకున్నాను. ఇచ్చేముందు పనిచేస్తుందో లేదో చూడాలిగా? ఆన్ చేశాను. మీరు ఆడే ఆ ఆటే వచ్చింది. నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలు, ఆరు పేర్లు. మీ పేరుతో సహా ఐదుగురికి ఎదురుగా 'నేలమాళిగలో మరణించారు' అని. చివర్న నేను. వైద్యురాలు. మొదటి మెట్టు. సత్రంలో క్షేమం.

మందుల స్టోర్లో పనిచేస్తే వైద్యురాలినయిపోతానా? సరే, అదలా ఉంచండి.

అమ్మాయి చెప్పింది, ఆ కాలం ఆటల్లో అందరూ పోయినా కథ అయిపోదట. శవాలు ఆ గదిలోనే పడి ఉంటాయట. పైన మిగిలినవాళ్ళు ఎవరైనా దిగి మోసుకురావాలట. అంటే ఎవరండీ? నేనేగా!

తను ఆడే కొత్త ఆటలు కూడా చూపించింది. సినిమాలా ఉన్నాయి. ఎటు వెళ్ళాలో బాణం గుర్తు చూపిస్తుంది. చచ్చిపోతే పది అడుగుల వెనక లేచి నిలబడతారు. "ఇది ఆడుకో అమ్మా, దాంట్లో ఏముంది, నాలుగు గీతలు" అంది. నాలుగు గీతలే. కానీ ఆ గీతల అవతల ఏముందో అది చెప్పదు. చీకటంతా మనమే ఊహించుకోవాలి. పోయినవాడు పోయినట్టే ఉంటాడు. అబద్ధం చెప్పదు, అందుకే నచ్చింది నాకు.

సరే, తెలిసినవాళ్ళ పేర్లే పెట్టి కొత్త మనుషుల్ని చేర్చుకున్నాను. మీ చెల్లెల్ని ముందు వరసలో నిలబెట్టాను, దెబ్బలు తినడానికి. నాలుగుసార్లు పోయింది మహాతల్లి. నాలుగుసార్లూ ఆటలోని గుడికి మోసుకెళ్ళి బతికించాను. నా మంచితనం ఎవరికి తెలుస్తుంది! మా స్టోరు మేనేజరు మాత్రం ఒక్కసారికే బూడిదయ్యాడు. బతికించమంటే ఒక్కోసారి అలా కూడా అవుతుందట. బూడిదైతే ఇక లేడు. జాబితాలో పేరు కూడా మిగలదు.

పొద్దున డ్యూటీకి వెళ్ళేముందు ఒక గంట. మీ కుర్చీలోనే. ముందుకు నడిచే మీట మీద అక్షరం మీ వేలికి అరిగిపోయింది, ఇప్పుడు నా వేలు కూడా అక్కడే ఆనుతుంది.

మీ గళ్ళ నోటుబుక్కు పక్కన పెట్టుకుని దిగాను. సర్వే ఆఫీసు బుద్ధి ఎక్కడికి పోతుంది? ప్రతి గది, ప్రతి తలుపు, పెన్సిలుతో. 'ఇక్కడ నేల జారుతుంది.' 'ఇక్కడ ఎడమ చెయ్యి గోడ మీంచి తీయకు.' ఎవరికోసం రాశారండీ అవన్నీ? మీరు చెప్పినట్టే నడిచాను. వెనక ఎవరో నడుస్తున్నట్టే ఉండేది. వెనక్కి తిరిగితే మళ్ళీ ఆ నాలుగు గీతలే.

ఆఖరి పేజీలో ఒక మాట రాసుకున్నారు. 'గయ్యాళిని కిందికి దించకూడదు.' కింద రెండు గీతలు. ఎందుకో రాయలేదు. నేనూ అడగడం లేదు.

నేలమాళిగ ఎనిమిదో అంతస్తులో మీరు గీసిన పటం ఆగిపోయింది. గీసుకోకుండా అడుగు వేయని మనిషి, ఆ చివరి అడుగు ఎందుకండీ అలా వేశారు?

నాకు తెలుసు. ఆస్పత్రికి టైమవుతోందని గుమ్మంలో నిలబడి అరిచాను. "ఎంతసేపండీ, తెమలండి!" అని.

మీరు గీయని గడిలో అడుగుపెట్టాను. తెర మీద వచ్చింది: 'ఇక్కడ ఎవరో పడి ఉన్నారు. ఎత్తుకుంటారా?'

జట్టులో ఆరో చోటు ఖాళీగా ఉంచుకునే దిగాను. మిమ్మల్ని ఎత్తుకున్నాను. మిగతా నలుగురూ మళ్ళీ చూసుకోవచ్చు.

ఎనిమిది అంతస్తులూ ఎక్కి గుడికి చేర్చాను. పూజారి అడుగుతాడు: 'ఇతణ్ణి బతికించమంటారా? అవును, కాదు.'

మూడు నెలలైంది. అక్కడే ఉన్నారు మీరు.

అమ్మాయి వెక్కిరిస్తోంది. "అంత కష్టపడి తెచ్చావు, అవును అని నొక్కవేమ్మా? ఇంత నాన్చేది నువ్వేనా?" అని. నేనేనే. దానికేం తెలుసు?

ఆ రోజు డాక్టరు కాగితం పెట్టాడు. ఆపరేషను. బతికే అవకాశం సగం సగం అన్నాడు. తొందరేం లేదు, రెండు రోజులు ఆలోచించుకోండి అని కూడా అన్నాడు. అమ్మాయికి ఆ మాట నేను చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

మీరు నా చెయ్యి పట్టుకుని "రేపు చూద్దాం" అన్నారు. "రేపేమిటండీ, ఈ నాన్చుడే వద్దనేది" అన్నాను. మందుల చీటీ చూసినట్టు ఒకసారి చూసి సంతకం గీకేశాను. నా మాట ఎప్పుడు కాదన్నారు గనక! అలాగే లోపలికి వెళ్ళారు, మళ్ళీ రాలేదు.

ఇప్పుడు ఇదీ అదే అడుగుతోంది. రోజూ వేలు పెడతాను. తీస్తాను.

సరేలెండి, డ్యూటీకి టైమవుతోంది. ఆపేస్తున్నాను.

రేపు చూద్దాం.