నేయకుండా మిగిలిన రెండు మూరలు

అమ్మలారా, అయ్యలారా, ముందు నాకొక జవాబు చెప్పండి: ఈ ఏడు రోజుల్లో మీలో ఒక్కరైనా ఆ మగ్గం మీద చెయ్యి ఎందుకు వేయలేదు?

జవాబు నేనే చెబుతాను. సరే. ఇన్లే సరస్సు నాలుగు దిక్కుల నుంచీ పడవలేసుకుని ఈ బౌద్ధ విహారానికి వచ్చారు. మన అత్త డా న్యో మే పోయి నేటికి వారం. భిక్షువులకు అన్నం పెట్టాం, పుణ్యం పంచాం, ఏడ్చాం. అరవై ఏళ్లు తామర కాడల్లోంచి దారం తీసి బుద్ధ భగవానుడికి వస్త్రం నేసిన మనిషికి అది చాలా? చాలునా అని అడుగుతున్నాను!

నా సిగ్గు నేనే చెప్పుకుంటాను. పాతికేళ్ల వయసులో నాలుగు సూత్రాలు బట్టీపట్టి, నా మొదటి ధర్మోపన్యాసంలో ఇక్కడే నిలబడి అరిచాను: తామరను చూడండి, ఎంత అందం! బురదను వదిలి పైకి లేచింది, మీరూ లోకాన్ని వదలండి! ఆ మూల నుంచి న్యో మే అత్త గొంతు: "ఒరే అబ్బాయ్, పువ్వు సంగతి తుమ్మెద కూడా చెబుతుంది. ఎప్పుడైనా కాడ కోశావా?" అందరూ నవ్వారు. మర్నాడు నన్ను పడవెక్కించి, భుజం దాకా చెయ్యి ముంచి అడుగున కోయించింది. నాలుగైదు కాడలు కలిపి విరిచి, మెల్లగా లాగింది. సాలెగూడు కంటే సన్నని పోగులు! తడి పలక మీద అరచేత్తో దొర్లిస్తే దారమైంది. "చూశావా? పువ్వు బురదను వదల్లేదు. కాలు దాన్లోనే పెట్టి నిలబడింది. నువ్వూ నిలబడు, అంటించుకోకు."

మన శాస్తా, ఆ బుద్ధుడు చెప్పింది అదే కదా! నీటిలో పుట్టి, నీటిలో పెరిగి, నీరంటని పువ్వు అన్నాడు. పారిపోయిన పువ్వు అన్నాడా?

ఈ పిల్ల, మా తాన్, జైలు నుంచి వచ్చిన రోజు గుర్తుందా? అదిగో, స్తంభం పక్కన కూర్చుంది. బుద్ధుడి బట్టకు ఆ చేతులా అని నేత ఇల్లంతా మూతి తిప్పింది. అత్త ఏమంది? "మీ చేతులు అంత పవిత్రమైతే మీ పోగులెందుకే పొద్దస్తమానం తెగుతాయి? జరగండి, పిల్లకు చోటివ్వండి."

అలాంటి మనిషి మగ్గాన్ని ఇవాళ మీరు వెలివేశారు! ఆమె ప్రాణం సీతాకోకచిలుకై దాని మీద వాలి ఉందట, ముట్టుకుంటే మన వెంట పడుతుందట. వాలితే వాలనివ్వండి, అరవై ఏళ్లు కూర్చున్న చోటే కదా! ముప్పై ఏళ్లుగా గ్రంథాలు తిరగేస్తున్నాను. తథాగతుడు అనిత్యం అన్నాడు గానీ అంటరానిదన్నాడా?

నాకూ భయముంది, దాచను. సీతాకోకచిలుక భయం కాదు. తామర పోగు తడి లేకపోతే పుటుక్కున తెగుతుంది. వారంగా పడుగు మీద, ఆ నిలువు పోగుల మీద నీళ్లు చిలకరించే చెయ్యి లేదు. పొద్దున చూసొచ్చాను, అంచున మూడు పోగులు తెగి వేలాడుతున్నాయి. బుద్ధుడికి వస్త్రం సమర్పించే పున్నమికి పదకొండు రోజులే. అత్త వదిలిపోయిన వస్త్రంలో నేయాల్సింది ఇంకా రెండు మూరలు. వానలు వెనకబట్టాయి, నీరు తీస్తోంది, తామర మడులు పీకి టమాటా వేస్తున్నారు. పొడుగు కాడ మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో, అసలు దొరుకుతుందో లేదో!

మా తాన్ ఒక్కతే ఈ ఉదయం వెళ్లి కాడలు కోసుకొచ్చింది. కింద పడవలో, తడి గోనెల కింద ఉన్నాయి. కోసిన కాడ ఆయుష్షు ఒక్క రోజు. రేపు విరిస్తే దారం రాదు, పీచు వస్తుంది.

లేవండి. అందరూ లేవండి. అత్త కోసం నోరు మెదపకుండా నిలబడదాం, పడుగంతా ఒకసారి తడిపేంత సేపు. అంతకంటే ఆలస్యమైతే ఆమే కసురుతుంది.

ఆ తర్వాత ఒక్క పడవ కూడా ఇంటి వైపు తిరగకూడదు. చేతులున్న ప్రతి మనిషీ నేత ఇంటికి నడవండి. చీకటి పడేలోగా ఆ కాడలన్నీ దారం కావాలి. రేపు కాదు, పున్నమి ముందు కాదు. ఈ రోజే పదండి!