పురుగు ఒంటికి ఉన్ని

(ఆదివారం ఉదయం, పడగ్గది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, చేపల గాలానికి ఎరగా దారంతో, ఉన్నితో దొంగ పురుగు కడుతున్న బావ. ఖాళీ సూట్‌కేసుతో వచ్చిన బామ్మర్ది.)

“ఆ సూట్‌కేసు బల్లకి తగిలించకురా, కట్టింది కాస్తా ఊడిపోతుంది.”

“నీ పురుగు సంగతి తర్వాత, బావా. అక్క బట్టలు తెమ్మంది. అన్నీ.”

“అన్నీ అంటే?”

“అన్నీ అంటే అన్నీ. చలికాలం బట్టలతో సహా.”

“ఇంకా ఎండలే పోలేదు కదా!”

“అదే నా ఏడుపూ! చలికాలం దాకా నా కొంపలోనే ఉంటుందన్నమాట. మూడు రోజుల్లో మా వంటిల్లు అటుది ఇటు, ఇటుది అటు చేసింది. ఉప్పు డబ్బా కోసం మా ఆవిడా నేనూ నిన్న గంటసేపు పోట్లాడుకున్నాం. నువ్వొచ్చి ఒక్కసారి నోరు తెరిచి తప్పయిందను, చాలు. వెనక్కి వచ్చేస్తుంది. నీకు పుణ్యం ఉంటుంది.”

“ఈ దారం కొస పట్టుకో.”

“బావా!”

“పట్టుకోరా, పొట్ట దగ్గర జారిపోతోంది. ఆఁ, అలా. కాడిస్ పురుగంటారు దీన్ని. ఏటి అడుగున గూడు కట్టుకుని పడుంటుంది. రెక్కలొచ్చే వేళకి గూడు చీల్చుకుని పైకి ఈదుతుంది. ఆ కాసేపే చేపకి పండగ. ఆ ఈదే పురుగుని అచ్చుగుద్దినట్టు దింపాలి మనం.”

“నేనడిగిందేంటి, నువ్వు చెప్పేదేంటి?”

“కిటుకంతా పురుగు ఒంటికి చుట్టేదాన్లోనే ఉందిరా. రబ్బరు చుడితే మెరుస్తుంది గానీ మైనం బొమ్మలా ఉంటుంది. సిల్కు దారం తడవగానే పీలగా అయిపోతుంది. ఇక కుందేలు బొచ్చంటావా...”

“అక్క కోటు బొచ్చు గురించి చెప్పు.”

“వెనకవైపు కత్తిరించాను. ముందువైపు ముట్టుకున్నానా? ఆ మాత్రం మర్యాద లేదా నాకు?”

“భలే మర్యాద! అక్క ముప్ఫయ్యేళ్ళు పనిచేసిన లైబ్రరీలో వీడ్కోలు సభ. రెండొందల మంది జనం. ఆ రోజు కోసమే కుట్టించుకున్న కోటు. మాట్లాడుతూ మాట్లాడుతూ, మంచినీళ్ళ కోసం అటు తిరిగింది. వీపు మీద అరచేతంత బట్టతల!”

“ఎవరూ చూసుండరు.”

“ముందు వరసలో ఉన్నాను నేను! పక్కాయన ‘మీ ఇంట్లో చిమ్మటలు ఎక్కువా అండీ’ అని అడిగాడు. హాలంతా నవ్వుతుంటే, అక్క తన మాటలకే అనుకుని తనూ నవ్వింది, బావా. అది చూడలేకపోయాను. తర్వాత తనకి తెలిసింది. కారెక్కాక ఏడ్చింది.”

“ఏడ్చిందా?”

“ఇంటిదాకా.”

“నాతో అనలేదు.”

“ఏమంటుంది? గుమ్మంలో అడుగు పెట్టగానే నువ్వడిగిన మొదటి మాట, ‘ఆ కోటు మిగతాది కూడా ఇచ్చేస్తావా’ అని!”

“ఎలాగూ పాడైంది కదా అని... సరేలే. అయినా అది ఉత్త దండగ ఉన్ని. పొడిగా ఉంటే పాచి రంగు, అచ్చం పురుగే. నీళ్ళలో ముంచితే బొగ్గు! ఒక్క చేప మొహం తిప్పి చూస్తే ఒట్టు.”

“ముందు తడిపి చూసుకోవద్దూ?”

“అవసరం ఉంటుందనుకోలేదు. మీ అక్క బీరువాలో ఏది తీసినా ఇంతవరకూ గురి తప్పలేదు.”

“ఇంతవరకూ అంటే? ఇంకా ఏం తీశావు?”

“అరవకు. కింది అరలో పాత అల్లికలుంటాయి. మట్టిరంగు, లేతాకుపచ్చ, తేనెరంగు. దుకాణం ఉన్ని ఏదీ పనికిరాదు. ఆ అరలోది మాత్రం తడిసిందంటే సరిగ్గా పురుగు రంగులోకి దిగుతుంది. ఏళ్ళ తరబడి పిసరు పిసరు లాగుతున్నాను. ఆవిడకి అనుమానం కూడా రాలేదు.”

“కన్నం వేసిందే కాక గొప్పలు కూడానా! జరుగు, ఆ అర కూడా సర్దాలి.”

“ఒరేయ్, దాని జోలికెళ్ళకు! అది నా గని!”

“అన్నీ తెమ్మంది మరి. ఇదేంటి బావా? స్వెటరా?”

“స్వెటరే.”

“తల దూరే కంత లేదే?”

“పాతది కదా, మూసుకుపోయుంటుంది.”

“చెవి కన్నమా, పూడిపోవడానికి? చేతులు కూడా లేవు. ఇదీ అంతే. ఇదిగో, ఇదీ అంతే. అన్నీ నలుచదరం ముక్కలు. ఇవెవరు తొడుక్కుంటారు?”

“నేనెప్పుడూ విప్పి చూడలేదురా. కొస దొరికితే చాలు, లాగడమే.”

“ఉండుండు. అదా సంగతి! మూడు రోజులుగా మా వంటింట్లో ఎక్కడ చూసినా గిన్నెల్లో రంగునీళ్ళు. అక్క ఉన్ని ముంచుతుంది, ఆరబెడుతుంది, మళ్ళీ గాజు గ్లాసులో తడిపి కిటికీ వెలుగులో పెట్టి చూస్తుంది. పక్కన సీసాలో చచ్చిన పురుగొకటి. ఇదేం పనక్కా అంటే, ‘ఏట్లో నీళ్ళు తగ్గాయి, ఈ నెల పురుగు ఇంకాస్త పసుపు తిరుగుతుంది’ అంది. మతి పోయిందనుకున్నాం.”

“పసుపా? ఆఁ... అవును. తిరుగుతుంది.”

“నీ మీద కోపంతో వచ్చి, నీ పురుగుకే రంగులేస్తోంది!”

“మరి నా చేతికే ఇవ్వచ్చుగా!”

“నువ్వే చెప్పు. ఎప్పుడూ ఇవ్వలేదా?”

“పెళ్ళైన కొత్తలో... ఓ ఉండ ఇచ్చింది.”

“ఏమన్నావు?”

“‘ఆడవాళ్ళ అల్లికలు వేరు, వేట వేరు’ అన్నాను.”

“శెభాష్! తర్వాత?”

“వారం తిరక్కుండా అదే ఉండ కింది అరలో కనపడింది. ఆవిడ చూడకుండా బారెడు లాక్కున్నాను. ఆ రోజు తొమ్మిది చేపలు పడ్డాయి.”

“ఇస్తే చేదు, దొంగిలిస్తే తీపి! నీలాంటివాడితో ఎలా వేగిందో మహాతల్లి.”

“నా చెప్పులేవీ? నడు, వెళ్దాం. థాంక్స్ చెప్పొస్తాను.”

“థాంక్స్ కాదు బావా, తప్పయిందను. ఇవన్నీ నీ కోసం పెట్టినవే. ముప్ఫయ్యేళ్ళలో నువ్వు దొంగిలించింది ఆ కోటొక్కటే.”