దరోగా గంగారాం గారు, కమలవ్వ జాలారి

1341 ఫసలీ, ఆజూరు నెల మొదటి తేదీన, అంటే ఇంగ్లీషు లెక్కకు 1931 అక్టోబరులో, శ్రీ గంగారాం గారు ఎల్లారెడ్డి కచేరిలో సఫాయి దరోగాగా ఉద్యోగంలో ప్రవేశించారు. ఈ తేదీని ఇంత నిక్కచ్చిగా చెప్పగలుగుతున్నది నేను. కామారెడ్డిలో వారి పక్కన ఇన్నేండ్లు కూర్చుని పనిచేసిన మావారు కాదు. గంగారాం గారు పింఛను పుచ్చుకుంటున్న సందర్భంగా వేస్తున్న అభినందన సంచికకు వ్యాసం రాయవలసిందని కచేరి పెద్దలు అప్పగించింది మావారికి. వారు ఆ బాధ్యతను సవినయంగా స్వీకరించి, సాయంత్రం ఇంటికి తెచ్చి, కూరగాయల సంచితో పాటు నా చేతికిచ్చారు. "పట్నంల కాలేజి సదివినవు గదా, తెలుగుల నాలుగు ముక్కలు నువ్వు గీకు. ఉర్దూల సిపాస్‌నామా నేను చూసుకుంట," అన్నారు. ఆ సిపాస్‌నామా అనే సన్మానపత్రం కూడా మరొకరే రాస్తున్నారని తరువాత తెలిసింది. కూతురి విద్య అల్లుడికి ఇంతగా ఉపకరిస్తుందని తెలిసి ఉంటే మా నాయనగారు నన్ను ఇంకో రెండేండ్లు చదివించి ఉండేవారు.

గాంధారిలో జన్మించి, యౌవనమంతా రైలు కట్టల పనులలో నేల ఎత్తుపల్లాలను చూస్తూ గడిపి, నడివయస్సులో సర్కారు కొలువుకు వచ్చిన గంగారాం గారికి ఈ ప్రపంచం రెండు భాగాలుగా మాత్రమే కనిపించేది: నీళ్లు పోయే చోటు, నీళ్లు పోని చోటు. రెండవది ఎక్కడ కంటబడినా వారు కుదురుగా ఉండలేకపోయేవారు. చేతికర్రతో పొడిచి చూసేవారు, చుట్టూ తిరిగేవారు, ఇంటివారిని కేకేసేవారు, వారు వచ్చేలోపల తామే వంగి తూములో చెయ్యి పెట్టేవారు. కూర్చున్న గంగారాం గారిని చూసినవారు ఈ రెండు తాలూకాలలో ఎవరైనా ఉంటే నాకు తెలియజేయ ప్రార్థన.

ఎల్లారెడ్డిలో వారు చేసిన సేవ అక్కడి గోడలకు బాగా తెలుసు. పాత ఇండ్లలో వాడిన నీరు ఈశాన్యం మూల నుంచే బయటికి పోవాలన్నది తాతల నాటి నియమం. నేల మాత్రం ఏ శాస్త్రమూ చదువుకోక నైరుతికి వాలి ఉండేది. నీరు వాకిట్లోనే నిలిచి మట్టిగోడలను అడుగు నుంచి తినేది. ఒక పెద్ద ఇంటి యజమాని, "ఈశాన్యం మూస్తే మా వంశం ఆగమైతది. నా పానం పోయినా మూయనియ్య," అని మోరికి, అంటే మురుగుకాలువకు, అడ్డంగా కూర్చున్నారట. గంగారాం గారు వాదించలేదు. వాకిట్లో బండలు పరిపించి నీటిని ఈశాన్యానికే వాల్చి, గోడ దాటగానే లోతుగా కాలువ తవ్వించి, ఇంటి చుట్టూ తిప్పి తెచ్చి నైరుతి పల్లంలో కలిపారు. శాస్త్రమూ దక్కింది, గోడా దక్కింది. యజమాని బతికి ఉన్నంతకాలం తన నీళ్లు ఈశాన్యానికే పోతున్నాయని సంతోషించారు.

1346 ఫసలీలో వారికి కామారెడ్డికి బదిలీ అయింది. ఊరి అంచున ఉన్న మా పాత వాడకట్టు వారి చేతికి చిక్కింది. వచ్చిన ఏడాదే మా ఆడబిడ్డ పెండ్లిలో భోజనానికి కూర్చొని, పప్పు వడ్డిస్తుండగా చెవి నిక్కబొడిచి, "నీళ్ల సప్పుడు తేడున్నది," అంటూ విస్తరి ముందు నుంచి లేచి పెరట్లోకి నడిచారు. పెండ్లికొడుకు తరపువారు అలిగి లేచారేమోనని మా అత్తగారు చెంబు పట్టుకుని వెంట పరుగెత్తారు. వెళ్లి చూస్తే దరోగా గారు మోచేతి వరకు మోరిలో ఉన్నారు. తూములోంచి మా ఇంటి గరిటె ఒకటి బయటికి తీసి, "ఇగో, మీ సామాను," అని ఇచ్చి, చేతులు కడుక్కుని వచ్చి మళ్లీ పప్పన్నంలో నెయ్యి అడిగారు. ఆ గరిటె కోసం మా అత్తగారు అంతకుముందు ఎందరిని అనుమానించారో ఈ సంచికలో రాయడం ఉచితం కాదు.

1348 ఫసలీ ఎండాకాలంలో ఒక పెద్ద అధికారి దౌరాకు, అంటే తనిఖీ పర్యటనకు, వస్తున్నారని తెలిసి, గంగారాం గారు మా గల్లీకి మొరం పోయించి, ఎత్తు చేయించి, పక్క మోరిని కూడా ఎత్తున కొత్తగా కట్టించారు. గల్లీ నిజంగానే అందంగా తయారయింది. మా గడప ముందరి కింది మెట్టు మాత్రం మొరంలో మునిగిపోయింది. ఈ సంగతి మావారికి చెబితే, "మునుగనీ, ఎక్కుడు అల్కగైతది," అన్నారు. అధికారి వచ్చారు, మెచ్చారు, వెళ్లారు. తరువాత వానలు వచ్చాయి.

మా ఇంటికీ పక్కింటి కమలవ్వగారి ఇంటికీ నడిమి గోడలో ఒకే బావి. అటువైపు వారు, ఇటువైపు మేము చేదుకుంటాము. ఆ బావి పక్కనే ఆమె జాలారి, అంటే స్నానాలకూ అంట్లకూ వాడే గచ్చు చప్టా. ఆ వానాకాలం బావి నీళ్లు వాసన వేశాయి. వాడకట్టులో పిల్లలకు కడుపునొప్పులు మొదలయ్యాయి; మా పాప కూడా ఆ నెలలో చిక్కి సగమయింది. గంగారాం గారు వచ్చారు, చూశారు, కర్రతో జాలారి అంచున పొడిచారు. తడి అక్కడే కనిపించింది.

"కమలవ్వా, గీ జాలారి బందు చెయ్యాలె. దీని నీళ్లే బాయిల దిగుతున్నయి."

"మా అత్త నాటి సంది గీ నీళ్లు గిట్లనే పోతున్నయి గద దరోగా? ఇయ్యాల ఏమైంది దానికి?"

"గది నాకు ఎరుక. కానూను కానూనే."

ఇటుకలతో జాలారి తూము మూయించారు. ఆనాటి నుంచి కమలవ్వగారు వాడిన నీళ్లను బిందెలతో మోసి గల్లీ చివర పారబోస్తున్నారు. అది కాదు ఆమెకు కష్టం. ఆమె ఇంట్లో రెండు బర్రెలున్నాయి. వాడకట్టంతా గిన్నెలు పట్టుకుపోయి ఆమె చల్ల తెచ్చుకునేది. బావిని చెడగొట్టిన ఇల్లని పేరు పడ్డాక గిన్నె పట్టుకుని ఎవ్వరూ వెళ్లలేదు. ఆమె మాత్రం రోజూ చిలికేవారు. పొద్దెక్కేదాకా గడపలో కుండ పెట్టుకుని చూసి, తిరిగి బర్రెల కుడితిలో పోసేవారు.

మరుసటి ఎండాకాలం గంగారాం గారు, బండ్లు జారుతున్నాయని చెప్పి, గల్లీ మొరం చెక్కించి, మోరిని మళ్లీ కిందికి దింపించారు. బావి బాగుపడింది. "సూసినవా, జాలారి మూసిన గుణం," అన్నది వాడకట్టు. ఆ తరువాత ఒక వింత జరిగింది. బురద ఉన్న చోటికల్లా పిలవకుండానే వెళ్లే దరోగా గారు మా గల్లీకి రావడం మానుకున్నారు. కచేరికి వెళ్లాలంటే మా గల్లీయే దగ్గర. వారు చింతబజారు మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు.

ఈ వ్యాసం కోసం వివరాలు అడగాలని పోయిన వారం వారిని ఇంటికి పిలిపించాను. అరుగు మీద చాప వేస్తే కూర్చోలేదు. అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

"దరోగా గారూ, మీ గుణాలన్నీ రాసిన. ఒక్క పొరపాటన్న లేకపోతే సదివెటోళ్లు నమ్మరు. మీరే ఒకటి చెప్పుండ్రి."

"నా నౌకరీల తప్పా? ఎవలన్న వేలు పెట్టి సూపుమను!"

"నాకేం తెలుసు, అందుకే అడుగుతున్న. చల్ల తాగుతరా? మా ఇంట్ల లేదు గని, పక్కింట్ల మంచిగుంటది."

వారు అరుగు దిగి వెళ్లిపోయారు. మరునాడు పొద్దున్నే వచ్చి, "గది రాసినవా అమ్మా?" అని అడిగారు. ఏది అని నేనడిగితే, "ఏం లేదు," అని, మునిగి మళ్లీ తేలిన మా కింది మెట్టును కర్రతో రెండుసార్లు కొట్టి చూసి వెళ్లిపోయారు. ఆ సాయంత్రం కచేరిలో కాగితాలు తలకిందులుగా చదువుతున్నారని మావారు చెప్పారు. మూడవసారి వచ్చినప్పుడు వారి చేతిలో కర్ర లేదు, గడ్డపార ఉంది.

తరువాతి సంగతి చెప్పేముందు ఇక్కడే నా విధిని నెరవేరుస్తాను. శుభాకాంక్షలు వ్యాసాంతంలో ఉండవలసినవి. కాని ఈ వ్యాసంలో చివరి మాట నాది కారాదు. ఎల్లారెడ్డి, కామారెడ్డి వాసుల గోడలను, బావులను, పసిపిల్లలను కాపాడడానికి కుదురులేకుండా తిరిగిన శ్రీ గంగారాం గారు ఇకనైనా గాంధారిలో తమ ఇంటి అరుగు మీద నిలకడగా కూర్చొనగలిగే తీరికను, కూర్చున్నా నొప్పి పెట్టని మోకాళ్లను, మనుమలు మనుమరాండ్ర పెండ్లి విందులలో పప్పు దాటి పాయసం దాకా లేవకుండా భోంచేసే సంపూర్ణ ఆయురారోగ్యాలను భగవంతుడు ప్రసాదించుగాక. ఈ కింది సంగతి రాయడానికి వారి అనుమతి ఉంది. "ఉన్నదున్నట్టు రాయి, అత్తరు సల్లకు," అన్నారు.

గడ్డపారతో వారు నేరుగా కమలవ్వగారి గడపలోకి వెళ్లారు. నేను గోడ మీదుగా చూస్తున్నాను. మావారూ, మా అత్తగారూ వాకిట్లోకి వచ్చారు. గల్లీలో మరో నలుగురు ఆగారు.

"కమలవ్వా, ఇగ గా ఇటుకలు తియ్యచ్చు. ఇజాజత్ ఇస్తున్న."

కమలవ్వగారు చల్ల కవ్వం చేతిలో పట్టుకునే లేచారు. "ఎవలకు గావాలె నీ ఇజాజత్? నాలుగేండ్లాయె బిందెలు మోయవట్టి. ఎందుకు మూసినట్టు, ఎందుకు తీసినట్టు? గది చెప్పి గడ్డపార పెట్టు."

"కానూను మారింది అవ్వా."

"నీళ్లు పారే కానూను సుత మారుతదా?"

మావారు మధ్యలో కల్పించుకుని, "పోనియ్యి కమలవ్వా, పింఛనుకు పోయే పెద్దమనిషి," అన్నారు.

"నువ్వు ఊకో నారాయణా. అందరికన్న ముందు నా చల్ల బందు వెట్టింది మీ కొంపనే."

మా అత్తగారు చెంగు సర్దుకుంటూ బావి వైపు చూడసాగారు. మావారు మా మెట్టు వైపు చూశారు. ఈసారి చాలాసేపు చూశారు. గంగారాం గారు గడ్డపారను గోడకు ఆనించారు. ఇన్నేండ్లలో మొదటిసారి వారు కదలకుండా నిలబడటం చూశాను. తరువాత గడపలోకి వచ్చి, లోపల ఉన్న కమలవ్వగారికే కాక గల్లీ రెండు కొసలకూ వినిపించేటట్టు గొంతెత్తారు.

"ఇనుండ్రి అందరు. కమలవ్వ జాలారి మంచిగనే ఉండె. గల్లి ఎత్తు చేసి, పోయే నీళ్లను ఇండ్లలకు మల్లగొట్టింది నేను. మల్ల చెక్కించిన్నాడే నాకు ఎరుకైంది, నోరు మూసుకున్న. ఆమె తప్పు లేదు. తప్పు నాది."