దగ్గును లాగేసిన మెషిన్

బస్సు దిగేటప్పటికే లెక్కల మాస్టారు ఒక నిర్ణయానికి వచ్చేశాడు. బావ ఎంత చెప్పినా వినకూడదు. ఇల్లు తన కళ్ళతో తను చూడాలి. గోరంత దుమ్ము కనపడినా అక్కని పంపే ప్రశ్నే లేదు.

నలభై రోజులుగా అక్క మాస్టారి ఇంట్లోనే ఉంటోంది. వచ్చిన రోజు ఊపిరి అందక మెట్ల మధ్యలోనే కూర్చుండిపోయింది. ఆ దుమ్ములోకి మళ్ళీ వెళ్తే ఈసారి ఆస్పత్రిలో మంచం ఎక్కాల్సిందేనని డాక్టరు ఖరాఖండిగా చెప్పాడు. దుమ్ము ఎక్కడిదో అందరికీ తెలిసిందే. బావ పరుపులు కుడతాడు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి కుట్టే పని ఇరవై రెండేళ్ళుగా ఇంటి ముందు గదిలోనే జరుగుతోంది. ఇప్పుడు ఆ పనంతా వీధి చివర షెడ్డులోకి మార్చానని, ఇల్లు అద్దంలా చేశానని, ఆవిణ్ణి పంపమని బావ రోజూ ఫోను చేస్తున్నాడు. అక్క కూడా సంచి సర్దుకుని కూర్చుంది. అయితే బావ మాట మీద మనిషిని పంపడమంటే మాస్టారికి ధైర్యం చాలలేదు. తిన్న కంచం తీసి ఎరగని మనిషి, కూర్చున్న చోటికే మంచినీళ్ళు రావాలనే మనిషి, ఇల్లు అద్దంలా చేశానంటే ఎవరు నమ్ముతారు? పైగా కోతలు కోయడంలో ఆ వీధిలో ఆయన తర్వాతే ఎవరైనా.

బావ ఇంటి దాకా పోనివ్వలేదు. సందు మొదట్లో టీకొట్టు బల్ల మీంచి లేచి దారికి అడ్డం నిలబడ్డాడు.

"రా బావమరిదీ, కూర్చో. ఇల్లు ఎక్కడికీ పారిపోదు. ముందు టీ తాగు."

"నేను ఇల్లు చూడ్డానికొచ్చాను బావా."

"చూద్దువుగాని. ముందు సంగతంతా వినకుండా చూశావంటే కళ్ళు తిరుగుతాయి నీకు."

బల్ల మీద మిక్సీలూ ఇస్త్రీపెట్టెలూ బాగుచేసే ఆయన కూర్చుని టీ ఊదుకుంటున్నాడు. మిక్సీలాయన అంటారు అందరూ. ఆయన జరిగి చోటిచ్చాడు. టీకొట్టాయన గ్లాసు చేతిలో పెట్టాడు. ఇక లేవడం మర్యాద కాదు. వినేది వింటాను, చూసేది చూస్తాను అని మనసులో గట్టిగా అనుకుని మాస్టారు కూర్చున్నాడు.

"మీ అక్క వెళ్ళిన మర్నాడే కొన్నాను," అని బావ మొదలుపెట్టాడు. "వైరు లేని వాక్యూమ్ క్లీనర్. కర్రలా సన్నగా ఉంటుంది. గోడకి తగిలించి చార్జింగ్ పెట్టుకోవడం, తీసి మీట నొక్కి పట్టుకోవడం, అంతే. ముందర ఒక లైటు ఉంటుంది చూడూ, ఆ లైటు మంచం కిందకి పెట్టానో లేదో, ఇన్నాళ్ళూ మన కంటికి కనపడని నూగంతా బారులు తీరి కనపడింది. సిగ్గేసిందనుకో. ఒక్కసారి ఇటు నుంచి అటు లాగాను. ఖాళీ. రెండు గదులూ కలిపి పది నిమిషాలు పట్టిందేమో."

ఇంతవరకూ నమ్మదగ్గదే. మాస్టారు తల ఊపాడు. అదే అతను చేసిన పొరపాటు.

"అది మామూలు స్పీడు. దానికి పెద్ద స్పీడు ఇంకోటుంది. నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడ మీద క్యాలెండరు పటపటా కొట్టుకుని, మూడు నెలల కాగితాలు ఊడి డబ్బాలోకి వెళ్ళిపోయాయి. ఆ వేళ నుంచి ఇవాళ ఏ తారీఖో తెలీక చస్తున్నాను. పక్కింటివాళ్ళ పిల్లి కిటికీలోంచి తొంగి చూసింది పాపం, మీసాలు పోయాయి."

"పిల్లికి మీసాలు మళ్ళీ వస్తాయిలే," అన్నాడు టీకొట్టాయన, గ్లాసులు కడుగుతూ.

"వచ్చాయి, కానీ తెల్లగా వచ్చాయి. అది కాదు విషయం. ముందు గదిలో పూల గచ్చుంది కదా, ఎరుపూ పచ్చా. ఒకే చోట రెండు నిమిషాలు పట్టుకునేసరికి పూలు పోయాయి. మీ అక్క వచ్చి పూలేవీ అంటే ఏం చెప్పాలి? డబ్బా తిప్పి గచ్చు మీద బోర్లించాను. పూలు మళ్ళీ ఎక్కడివక్కడ కూర్చున్నాయి. ఒక్క రేకు మాత్రం తలకిందులైంది, చూపిస్తాను పద తర్వాత."

"చార్జింగ్ ఎంతసేపు వస్తుంది బావా?" అన్నాడు మాస్టారు. బడిలో సైన్సు టీచరు ఇంట్లో అలాంటిదే ఉంది. పెద్ద స్పీడు పెడితే పావుగంట కూడా రావట్లేదని ఆవిడ రోజూ ఏడుస్తుంది.

"కాగితం మీద పన్నెండు నిమిషాలని రాశాడు. అది వాడి లెక్క. నేను పట్టుకుంటే మూడు రోజులు తిరిగింది, మధ్యలో ఆపలేదు. ఎడం చేత్తో అన్నం తిన్నాను. మూడో రోజు సాయంత్రం, ఈ మిక్సీలాయన మీద ఒట్టు..."

"నా మీద వద్దన్నా," అన్నాడు మిక్సీలాయన. అప్పటిదాకా ఆయన నోరు విప్పలేదు.

"సరే, నా మీదే ఒట్టు. మూడో రోజు గాలిదుమారం వచ్చింది గుర్తుందా? కట్టెల అడితి వైపు నుంచి ఎర్రగా, మేడంత ఎత్తున వీధిలోకి వచ్చేస్తోంది. అందరూ తలుపులు వేసుకున్నారు. నేను వేసుకోలేదు. మూడు రోజులు కష్టపడి తుడిచిన ఇల్లు, మా ఆవిడ రావాల్సిన ఇల్లు, ఒక్క రేణువు రానిస్తానా అని లుంగీ ఎగ్గట్టి గుమ్మంలో నిలబడ్డాను. మీట నొక్కాను. దుమారం గుమ్మం దాకా వచ్చి, వంగి, పాములా సన్నబడి గొట్టంలోకి దూరింది. మొత్తం. వీధి శుభ్రం. ఆకాశం కూడా కాస్త లేతబడింది."

"డబ్బా ఎంతుంటుంది?" అన్నాడు మాస్టారు.

"చెంబంత. అడుగుతావని తెలుసు, లెక్కల మాస్టారివి. లోపలికి వెళ్ళిన దుమ్ము ఆ ఒత్తిడికి గట్టిపడి ఇటుకైపోతోంది. మూత తీస్తే ఇటుక, మళ్ళీ తీస్తే ఇటుక. షెడ్డుకి వెనక గోడ లేదు కదా, వాటితోనే కట్టించాను. మేస్త్రీ వేలితో కొట్టి చూసి ఇంత గట్టి సరుకు ఏ బట్టీదండీ అని అడిగాడు."

టీకొట్టాయన నోరెళ్ళబెట్టి, తేరుకుని, నవ్వాడు. మాస్టారికి నవ్వు రాలేదు. ఇక్కడ అక్క ఊపిరి సంగతి తేలాల్సి ఉంటే ఈ మనిషి పిల్లులూ ఇటుకలూ అంటున్నాడు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

బావ అది చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఆఖరిది విను. అంతా అయ్యాక కూడా ఇంట్లో ఒకటి మిగిలిపోయింది. మీ అక్క దగ్గు. పడగ్గదిలో, ఆవిడ పడుకునే వైపు, గోడ వార. మనిషి లేదు, దగ్గు ఉంది. తెల్లారగట్ల వినపడేది నాకు. ఇరవై రెండేళ్ళు విన్నది కదా, గోడకి పట్టేసింది. చూశాను చూశాను, ఒకరోజు ఆ మూలకి మెషిన్ పెట్టాను. అది అన్నిటికన్నా మొండిది. లాగుతుంటే వెనక్కి లాగింది. నేను వదల్లేదు. పొద్దున పట్టినవాణ్ణి మధ్యాహ్నం దాకా పట్టుకున్నాను. చివరికి సన్నగా ఒక్క దగ్గు దగ్గి లోపలికి పోయింది. ఇప్పుడు ఇల్లంతా వెతుక్కో, ఒక్క దగ్గు దొరికితే నన్నడుగు. మీ అక్కని పంపించెయ్యి. ఆ మెషిన్ ఉండగా ఆవిడకేం కాదు."

అబద్ధమని తెలిసినా మాస్టారికి బావ మీద జాలి కలిగింది, సరే పంపిస్తానని నోటి దాకా వచ్చింది.

మిక్సీలాయన గ్లాసు కింద పెట్టాడు.

"అన్నా, నేను చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆవిడ ప్రాణం సంగతి కదా. నిజమనుకుని ఈయన పంపిస్తాడు." మాస్టారి వైపు తిరిగాడు. "ఆ మెషిన్ ఇంట్లో లేదండీ. కొన్న నాలుగో రోజు నుంచీ నా కొట్లోనే ఉంది. దూది నూగు బ్రష్షుకి జుట్టులా చుట్టుకుపోయింది, ఫిల్టరంతా దూదే. ఈయన దులపకుండా అలాగే నడిపాడు. మోటారు మాడిపోయింది. ముప్ఫై ఆరు రోజులుగా మూల పడి ఉంది."

బావ తల వంచుకున్నాడు. మాస్టారికి ఒళ్ళు మండిపోయింది.

"అంటే నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది ఇల్లు చూడకుండా ఉండాలనా?" అని లేచాడు. "పదండి. ఇప్పుడే చూస్తాను."

నాలుగిళ్ళ అవతలే ఇల్లు. మాస్టారు ముందు, బావ వెనక, మాట బయటపెట్టినందుకు నొచ్చుకుంటూ మిక్సీలాయన ఆ వెనక. మాస్టారు జేబులోంచి తెల్ల రుమాలు తీశాడు. తలుపు పైన తుడిచాడు. కుర్చీ లాక్కుని ఎక్కి ఫ్యాను రెక్కలు తుడిచాడు. కిటికీ చువ్వల సందుల్లో వేలు పెట్టి తిప్పాడు. బోర్లా పడుకుని మంచం కింద ఆ మూల దాకా చెయ్యి చాపాడు. లేచి రుమాలు వెలుగులోకి పట్టి చూసుకున్నాడు. తెల్లగానే ఉంది. ముందు గదిలో గచ్చు పూలు మెరుస్తున్నాయి, ఒక్క రేకూ తలకిందులు కాలేదు.

కోపం ఏమైపోయిందో అతనికే తెలీలేదు. మెషిన్ లేదు. మరి ఇదంతా ఎవరు చేశారు?

పెరట్లోకి వెళ్ళాడు. తీగ మీద తడిగుడ్డలు వరసగా ఆరేసి ఉన్నాయి, పరుపు గలేబు చింపిన చారల గుడ్డలు. చివర్లో రెండు చిన్న మెత్తలు వేలాడుతున్నాయి. అరచెయ్యంత ఉంటాయి, చుట్టూ బావ చేతి కుట్టు, కట్టుకోవడానికి నాడాలు. రెండిటికీ నడిమధ్యన గుడ్డ అరిగిపోయి లోపలి దూది బయటికి కనపడుతోంది. బావ దానికి మాసిక వేశాడు. మాసిక కూడా అరిగింది.

"ఇవేంటి బావా?"

"అవా? అవి ఆ మెషిన్‌కి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. తర్వాత వచ్చిన గొంతు మాస్టారు ఎప్పుడూ విన్నది కాదు. "మోకాళ్ళకి. గచ్చు గట్టిగా ఉంటుంది కదా. పొడి చీపురైతే దుమ్ము లేస్తుందని డాక్టరన్నాడట, నువ్వే చెప్పావు ఫోన్లో. అందుకని తడిగుడ్డ. పొద్దునొకసారి, షెడ్డు నుంచి వచ్చాక ఒకసారి."

"ముప్ఫై ఆరు రోజులూనా?"

"ఇంకేం చెయ్యను? ఆవిడ లేకపోతే ఇల్లు ఇల్లులా లేదురా. నాకు భయమేస్తోంది."

మాస్టారికి సిగ్గేసింది. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మరి ఆ మాటే చెప్పొచ్చుగా నాతో."

"నేను తుడుస్తున్నానంటే నువ్వేమనుకుంటావ్? నాలుగు రోజుల ముచ్చట, ఐదో రోజు గుడ్డ మూల పడేస్తాడు అనుకోవూ? మెషిన్ అంటే నమ్ముతావనుకున్నా."

నిజమే, అలాగే అనుకునేవాడు. మాస్టారు ఫోను తీసి అక్కకి చేశాడు. ఇల్లు నిజంగానే అద్దంలా ఉందని, రేపు పొద్దున బస్సుకి బయల్దేరుతున్నామని చెప్పాడు. ఇల్లు అంత శుభ్రంగా ఎలా ఉందిరా అని అక్క అడగడం అందరికీ వినపడింది. వచ్చాక బావే చెప్తాడు అని మాస్టారు ఫోను పెట్టేశాడు.

"ఏం చెప్పమంటావ్ మీ అక్కకి?" అన్నాడు బావ, కళ్ళు తుడుచుకుంటూ.

"గాలిదుమారం చెప్పండి, నమ్ముతుంది. ఇటుకలు చెప్పండి, అవీ నమ్ముతుంది. మోకాళ్ళ మీద కూర్చుని గచ్చు తుడిచానని మాత్రం చెప్పకండి బావా. కోతలకైనా ఒక హద్దుండాలి అంటుంది."