పాత ఓడకు పూచీ

మోంతెవిదేవో అనే ఓడరేవు పట్నంలో, నావికాదళం ఓడల మరమ్మతు రేవు పక్క ఇల్లు. ఆ ఇంటావిడ టీలా తాగే మాతే ఆకుల మీద వేడినీళ్లు పోసి భర్తకిచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆ రేవులో ఇంజన్లు చూసే మేస్త్రీ అతను.

“కొత్త ఓడలు ఈ ఏడే వస్తాయన్నారుగా?”

“డబ్బు ఒక్కదానికే సరిపోయిందట. అదీ మూడేళ్లకి. అందాకా పాతదాన్నే నడపమన్నారు.”

“దాని ఇంజను పంపు చెడిపోయిందన్నావు?”

“పక్కన మూలపడ్డ ఓడలోది ఊడదీసి బిగించాను.”

“చచ్చినోడి చెప్పులు బతికినోడికా! నిలుస్తుందా?”

“నిలవొచ్చు.”

“నిలవొచ్చంటే ఏమిటి ముసలోడా? ముప్పైమంది ఎక్కుతారు. ఓడ బాగుందని సంతకం పెట్టకు.”

“పెట్టకపోతే, చేపల పడవ మునిగిన రోజు కాపాడ్డానికి వెళ్లే ఓడే ఉండదు. నీ తమ్ముడూ ఆ పడవల్లోనే తిరుగుతున్నాడు.”

ఆమె వేడినీళ్ల గిన్నె కింద పెట్టి అతని ముఖంలోకి చూసింది.

“పెట్టేశావు కదూ?”

“పొద్దున్నే.”

“అయితే రేపు నువ్వూ ఎక్కుతావు.”

“పూచీ పడ్డవాడు మొదటి ప్రయాణంలో ఇంజను పక్కనే నిలబడాలి. మా రేవు రివాజు నీకు తెలియనిదా?”

“వచ్చే నెల నీకు పింఛను.”

“ఆ సంగతి సముద్రానికి తెలియదుగా.”

ఆమె లేచి దండెం మీది అతని ఉన్ని చొక్కా తీసి, వెలుగుకి పట్టి చూసింది.

“మోచేయి చిరిగింది. ఉండు, నీ పాత చొక్కాలోంచి ముక్క కోసి అతుకేస్తాను. నువ్వు తిరిగొచ్చేదాకా ఇదైనా నిలవాలి.”