వెనక నుంచి పిలుపు

మద్రాసు పక్కన మనలిలో ఫ్యాక్టరీ మోతకు చెవులు పోయిన భర్త యతిరాజులు నెల్లూరు బయల్దేరుతుంటే కనకవల్లి సంచి సర్దుతోంది.

“చెవి లోపల నత్తగుల్ల మాదిరి ఉంటాదంట. దాంట్లో నీళ్ళు కదిలితే సన్న వెంట్రుకలు వంగి, కరెంటు పుట్టి నరంలో పోతాదంట. పుస్తకంలో చదివినా.”

“మరి నా వెంట్రుకలు?” అన్నాడాయన.

“ఆ మోతకి విరిగిపోయినాయి. మళ్ళీ మొలవవు.”

“తలమీదవి మాత్రం మొలిచినాయా ఏంది? ఇదో, బస్సులో ఈ చెవిమిషను తలనొప్పి. తీసి సంచిలో వేస్తున్నా.”

“నేను పిలిస్తే ఎట్లా?”

“పోయేవాళ్ళని ఎనక నుంచి పిలవకూడదంటావు గదా. ఇంక ఎంతైనా పిలువు, నాకు ఇనపడదు. పోయొస్తానే.”

ఆయన మెట్లు దిగుతుండగా ఆమె జీవితంలో మొదటిసారి వెనక నుంచి, “ఏమండీ,” అని మెల్లగా పిలిచింది. ఆయన తిరగలేదు.

అది నిరుడు జూన్ పదకొండు. ఆ బస్సులోనే ఆయన గుండె ఆగింది. యతిరాజులు తిరిగి రాలేదు.